ఎక్కడం సగమే: ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నుంచి ఇంటికి

బేస్ క్యాంప్ రాయి ముందు నేనూ మా వదినా దిగిన ఫోటో వాట్సాప్‌లో పెట్టగానే ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఎన్ని రోజులు నడిచారు? చలి ఎంత? బాత్రూమ్‌ల సంగతేంటి? పిల్లల్ని ఎవరు చూసుకున్నారు? అన్నీ ఎక్కడం గురించే. ఎలా దిగారు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నన్ను అడిగితే అసలు ప్రయాణం ఆ ఫోటో తర్వాతే మొదలైంది. ఆ తర్వాతి ఏడు రోజుల గురించే ఇది. మీలో ఎవరైనా కొండలకి వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. మేముండేది షార్జాలో. మా ఆయనది సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద ఉద్యోగం. నెల డ్యూటీ, నెల సెలవు. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి అయిదు. నేను బీఎస్సీ చదివి, పెళ్ళై ఇక్కడికి వచ్చి, ఇల్లు చూసుకుంటున్నాను. మా వదిన, అంటే మా ఆయన అక్క, అబూ దాబీలో ఉంటారు. వయసు 46. హనుమకొండలో చదివే రోజుల్లో ఎన్‌సీసీ. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే, ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కినప్పుడు, ఆ పేపర్ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్న మనిషి. "శిఖరం మన వల్ల కాదు. దాని కాళ్ళ దగ్గరికైనా పోవాలి" అని అప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళాక ఒకరోజు ఫోన్ చేసి, "నువ్వొస్తావా, నేను ఒక్కదాన్నే పోనా?" అన్నారు.

వేసవి నాలుగు నెలలు మా బిల్డింగ్ మెట్లే నా కొండ. 24 అంతస్తులు. బ్యాక్‌ప్యాక్‌లో 5 కిలోల సోనా మసూరి సంచి పెట్టుకుని ఎక్కి దిగేదాన్ని. వాచ్‌మన్ మొదట్లో లిఫ్ట్ చెడిపోయిందేమో అని పరిగెత్తుకొచ్చాడు. మా ఆయన సెలవు అక్టోబరులో పడింది. అందులోనే దీపావళి కూడా. అత్తమ్మ హైదరాబాద్ నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. "దీపావళి ఏటా వస్తది, మీరు పోయి రండి" అన్నారు. ఒక్క షరతు మాత్రం గట్టిది. సెలవు అయిపోయి మా ఆయన డ్యూటీకి వెళ్ళే రోజు తెల్లవారేసరికి నేను ఇంట్లో ఉండాలి. అత్తమ్మకి ఇక్కడ డ్రైవింగ్ రాదు, భాష రాదు. రాత్రివేళ పిల్లలకి జ్వరం వస్తే ఆవిడ ఒక్కతే ఏం చేస్తుంది? అందుకే లుక్లా నుంచి కాట్మండూకి విమానం ఉన్న రోజుకీ, కాట్మండూ నుంచి మా ఫ్లైట్‌కీ మధ్యలో రెండు ఖాళీ రోజులు పెట్టుకున్నాం.

5,364 మీటర్ల దగ్గర

లుక్లా నుంచి బేస్ క్యాంప్ చేరడానికి మాకు ఎనిమిది రోజులు పట్టింది. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలని నామ్చేలో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు అదనంగా ఆగాం. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటు రోజుకి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలనీ పర్వతాల మీద వైద్యం చేసేవాళ్ళు చెప్పే నియమం. మా గైడ్ దాన్ని అక్షరాలా పాటించాడు. మేం అతన్ని నేపాలీలో 'దాయి' అనేవాళ్ళం, అంటే అన్న. అతను మమ్మల్ని 'దిదీ' అనేవాడు.

పైన గాలిలో ఆక్సిజన్ ఉండదని చాలామంది అనుకుంటారు. శాతం అక్కడా ఇక్కడా ఒకటే, 21. తగ్గేది గాలి ఒత్తిడి. బేస్ క్యాంప్ దగ్గర అది సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగం. అంటే ఒక్కో శ్వాసకి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ఆక్సిజన్ కూడా సగమే. వంటింటి భాషలో చెప్పాలంటే, గోరక్‌షెప్‌లో నీళ్ళు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే పప్పు ఎంతసేపైనా ఉడకదు. టీ పొగలు కక్కుతూ వస్తుంది, నోట్లో పోసుకుంటే నాలుక కాలదు. కుక్కర్ కనిపెట్టినవాడికి ఆ ఊళ్ళలో గుడి కట్టొచ్చు అన్నారు వదిన.

బేస్ క్యాంప్ చేరింది మధ్యాహ్నం పన్నెండున్నరకి. అక్టోబరు కాబట్టి శిఖరం ఎక్కేవాళ్ళ డేరాలు లేవు. రాళ్ళు, మంచు, ప్రార్థన జెండాలు, దూరంగా ఖుంబూ హిమపాతం. అక్కడి నుంచి ఎవరెస్ట్ శిఖరం కనబడదని తెలిసే వెళ్ళాం. 8,848.86 మీటర్ల ఆ కొండ మొహం చూడాలంటే మర్నాడు తెల్లవారుజామున కాలాపత్తర్ ఎక్కాలి. వదిన రాయిని రెండు చేతులతో తాకి కళ్ళకి అద్దుకున్నారు. ఫోటో తీసుకున్నాం. పావుగంట ఉండి తిరుగుముఖం పట్టాం.

"నంబర్ కాదు దిదీ, నడక చూడాలి"

గోరక్‌షెప్ లాడ్జికి వచ్చేసరికి మూడున్నర. 5,164 మీటర్లు. వదినకి పొద్దుటి నుంచీ తలనొప్పి ఉంది. ఆ ఎత్తులో తలనొప్పి లేనివాళ్ళే తక్కువ కాబట్టి ఎవరం కంగారు పడలేదు. సాయంత్రం వెల్లుల్లి సూప్ తెస్తే రెండు చెంచాలు తాగి వాంతి చేసుకున్నారు. ఆ తర్వాత నన్ను, "బాబుకి ఫోన్ చేశామా?" అన్నారు. చేశాం అన్నాను. అయిదు నిమిషాలు కాకుండానే మళ్ళీ అదే ప్రశ్న. కుడి గ్లవ్‌ని ఎడమ చేతికి తొడగడానికి తంటాలు పడి, విసుక్కుని నేలకేసి కొట్టారు. మా వదిన వస్తువులు విసిరే మనిషి కాదు. పదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

ఆక్సిమీటర్ పెడితే నాకు 79, ఆవిడకి 71. నేను ఆ అంకెల్ని చూస్తుంటే దాయి అన్నాడు, "నంబర్ కాదు దిదీ, నడక చూడాలి." భోజనాల గదిలో చెక్క నేల మీద ఒక పలక అంచు చూపించి, దాని మీద మడమకి బొటనవేలు ఆనించి నడవమన్నాడు. ముందు నేను నడిచి చూపించాను. వదిన మూడో అడుగుకే పక్కకి తూలారు. దాయి పట్టుకున్నాడు. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అంతే.

తలనొప్పి, వాంతులు మామూలు ఎత్తు జబ్బు. నడక తప్పడం, మనిషి తీరు మారడం మాత్రం మెదడులో వాపు మొదలైందనడానికి గుర్తులు. దానికి అన్నిటికన్నా పెద్ద మందు కిందికి దిగడమే. ఆ సంగతి బయల్దేరే ముందు నేను చదివే ఉన్నాను. ఎదురుగా మన మనిషి తూలుతుంటే చదివింది గుర్తుచేసుకోవడం వేరు.

"తలనొప్పే. డోలో వేసుకున్నా. పొద్దున కాలాపత్తర్ చూసి దిగుదాం" అన్నారు వదిన. గొంతులో ఇంట్లో ఉండే అధికారమే ఉంది. "ఇంతదూరం వచ్చి మొహం చూడకుండా పోతామా?"

దాయి ఆవిడతో వాదించలేదు. నా వైపు తిరిగాడు. "ఇప్పుడు ఈ దిదీ మాట వినకూడదు. మీరు చెప్పాలి."

మన ఇళ్ళలో ఆడపడుచు మాట ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. నా పెళ్ళిచూపులకి వచ్చి నన్ను ఖాయం చేసింది ఆవిడ. బాబు పుట్టినప్పుడు నెలరోజులు నా దగ్గరే ఉండి పథ్యం వండిపెట్టింది ఆవిడ. ఈ కొండకి నన్ను తీసుకొచ్చిందీ ఆవిడే. వదినా అని పిలవడం మొదలుపెట్టాక నేను ఆవిడ మాటకి అడ్డం చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు.

"వదినా, ఇప్పుడే దిగుతున్నాం. లేవండి" అన్నాను.

"నువ్వెవరు చెప్పడానికి?" అన్నారు. గట్టిగానే అన్నారు. గదిలో ఉన్న విదేశీయులు తిరిగి చూశారు. నేను జవాబు చెప్పకుండా ఆవిడ బూట్ల లేసులు కట్టడం మొదలుపెట్టాను. కడుతుంటే నా చేతులు వణికాయి.

చీకట్లో

రాత్రి హెలికాప్టర్ ఎగరదు. నడవాల్సిందే. దాయి ఫెరిచేలో ఉన్న డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి, తన మందుల పెట్టెలోని డెక్సామెథాసోన్ ఇచ్చాడు. అది మెదడు వాపుని కొన్ని గంటలు అదుపులో ఉంచుతుంది, మనం దిగడానికి సమయం ఇస్తుంది. దిగడం మానేయడానికి కాదు. ఆరున్నరకి బయటికి వచ్చాం. ముందు పోర్టర్ తమ్ముడు, వెనక వదిన, ఆవిడ బ్యాక్‌ప్యాక్ పట్టీ పట్టుకుని దాయి, చివర నేను.

గోరక్‌షెప్ నుంచి లొబూచేకి పగటిపూట రెండు గంటల దారి. ఖుంబూ హిమానీనదం పక్కన రాళ్ళ గుట్టల మీదుగా ఎక్కడం దిగడం. హెడ్‌ల్యాంప్ వెలుగు పడ్డంత మేరే ప్రపంచం. ఎడమ పక్క ఎక్కడో రాళ్ళు జారుతున్న చప్పుడు. నాకు ఒకటే పని. వదిన చేత మాట్లాడిస్తూ ఉండాలి. ఇంట్లో అందరి పేర్లూ అడిగాను. ఎక్కాలు అడిగాను. పదమూడో ఎక్కం మధ్యలో తప్పారు. నాకూ సరిగ్గా రాదు కాబట్టి అది ఎత్తు వల్లో కాదో తెలియలేదు. పులిహోర ఎలా చేస్తారో చెప్పమన్నాను. "చింతపండు... ముందు చింతపండు..." అని ఆగిపోయారు. నలభై మందికి ఒంటిచేత్తో పులిహోర కలిపే మనిషికి తర్వాతి మాట తట్టలేదు. ఆ రాత్రి మొత్తంలో నాకు ఏడుపు వచ్చింది అక్కడే.

లొబూచే చేరేసరికి తొమ్మిదిన్నర. దిగింది 250 మీటర్లే. దాయి మళ్ళీ నడిపించి చూశాడు. కొంచెం నయం, ఇంకా తూలుతున్నారు. లాడ్జిలో మంచాలు ఉన్నాయి, రమ్మంటున్నారు. పోర్టర్ తమ్ముడు కూడా అలిసిపోయాడు. "ఇంకొంచెం" అన్నాడు దాయి. వేడినీళ్ళు తాగి కదిలాం.

థుక్లా కనుమ మీద, ఎవరెస్ట్ దారిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ స్మారకాలు ఉంటాయి. వెళ్ళేటప్పుడు పగలు అక్కడ ఆగి పేర్లు చదివాం. తిరిగొచ్చేటప్పుడు అర్ధరాత్రి. గాలికి జెండాలు పటపటలాడుతున్నాయి. నేను తల పక్కకి తిప్పలేదు. కనుమ దాటితే నిలువు దిగుడు. థుక్లా లాడ్జి తలుపు కొట్టేసరికి పన్నెండు దాటింది. 4,620 మీటర్లు. అంటే అయిదు వందల మీటర్లకు పైగా దిగాం. తలుపు తీసిన ఆమె ఒక్క మాట అడగకుండా పొయ్యిలో పిడకలు వేసింది.

తెల్లవారాక వదిన లేచి కూర్చుని, "చింతపండు గుజ్జులో పసుపు, ఉప్పు, పచ్చిమిరపకాయలు వేసి ఉడికించి, అన్నం చల్లారాక కలపాలి" అన్నారు. తర్వాత అన్నారు, "నేను నిన్న నిన్నేమైనా అన్నానా?" ఏం అనలేదన్నాను.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ఉంది. 1973లో మొదలైన సంస్థ. వసంతంలో, శరత్తులో ట్రెక్కింగ్ సీజన్లలో డాక్టర్లు ఉంటారు. వాళ్ళు పరీక్ష చేసి, అసలు వైద్యం రాత్రే అయిపోయిందన్నారు. ఇంకా దిగుతూ పొమ్మన్నారు. ఆరోజు పాంగ్‌బోచే, మర్నాడు నామ్చే, ఆ మర్నాడు లుక్లా. దిగేకొద్దీ వదిన మళ్ళీ మా వదిన అయ్యారు. తెంగ్‌బోచే దగ్గర టీకి బేరమాడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

లుక్లా చివరి రోజు దిగుడు కాదు, ఎక్కుడు. ఫక్‌డింగ్ 2,610 మీటర్లు, లుక్లా 2,860. మోకాళ్ళు ఏడుస్తుండగా ఊరి మొదట్లో ఒక ద్వారం కనిపిస్తుంది. పాసాంగ్ ల్హాము షెర్పా పేరిట కట్టింది. ఎవరెస్ట్ ఎక్కిన మొదటి నేపాలీ మహిళ. ముగ్గురు పిల్లల తల్లి. మూడుసార్లు వెనక్కి తిరిగి వచ్చి, నాలుగోసారి, 1993 ఏప్రిల్ 22న శిఖరం చేరింది. దిగేటప్పుడు వాతావరణం చెడిపోయి కొండ మీదే చనిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ ద్వారం కింద నవ్వుతూ ఫోటోలు తీసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు వదిన చెప్పులు విప్పి దండం పెట్టారు.

లుక్లాలో పొగమంచు

లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. ఒక చివర కొండ గోడ, ఇంకో చివర లోయ. రన్‌వే మొత్తం దాదాపు 12 శాతం వాలు. దిగే విమానం ఎగువకి దిగి ఆగుతుంది, ఎగిరేది పల్లానికి పరిగెత్తి లోయలోకి ఎగురుతుంది. పైలట్ కంటితో చూసి దించాల్సిందే. అందుకే మబ్బు పట్టిందంటే అన్నీ ఆగిపోతాయి. 2008 అక్టోబరులో ఇదే పొగమంచులో ఒక విమానం కూలి 18 మంది చనిపోయారు. కాబట్టి రద్దు చేశారని ఎవరి మీదా కోపం తెచ్చుకోలేం. రద్దీ నెలల్లో ఎక్కువ విమానాలు కాట్మండూ నుంచి కాకుండా, నాలుగైదు గంటల దూరంలో ఉన్న రామేఛాప్ నుంచి నడుస్తాయి. గాల్లో ఉండేది ఇరవై నిమిషాలే.

మొదటి రోజు తెల్లవారుజామున అయిదింటికే విమానాశ్రయానికి వెళ్ళాం. ఎదుటి కొండ కనబడలేదు. ఎనిమిదింటికి ఒకసారి తెరుచుకుంది, అందరం లేచి నిలబడ్డాం, మళ్ళీ మూసుకుంది. మధ్యాహ్నం రద్దన్నారు. రెండో రోజూ అంతే. ఆరోజు కుకుర్ తిహార్, నేపాల్లో కుక్కల్ని పూజించే పండుగ. రన్‌వే పక్కన పడుకున్న ఊరకుక్కల మెళ్ళో కూడా బంతిపూల దండలు, నుదుట ఎర్రటి టీకా. అవి మాత్రమే ఆ ఊళ్ళో నిశ్చింతగా ఉన్నాయి. మిగతావాళ్ళం ఫోన్లు పట్టుకుని తిరుగుతున్నాం.

ఆ మధ్యాహ్నం దాయి, వదిన, నేను టీ ముందు పెట్టుకుని లెక్క వేసుకున్నాం. మా అంతర్జాతీయ ఫ్లైట్‌కి మిగిలింది రెండు రాత్రులు, రెండు పగళ్ళు. మూడు దార్లు ఉన్నాయి. ఒకటి, ఇక్కడే ఉండి మంచు విడుస్తుందని ఆశపడటం. రెండు, హెలికాప్టర్. అదీ కంటిచూపు మీద ఎగిరేదే, పైగా ముందు నుంచి పేర్లు రాయించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మూడు, కిందికి నడిచి, జీపు దొరికే చోటికి వెళ్ళి, సల్లేరి మీదుగా రోడ్డున కాట్మండూ. నమ్మకం ఉన్న దారి అదొక్కటే, కాకపోతే ఒళ్ళు హూనం.

"నా వల్ల నువ్వు పిల్లల దగ్గరికి ఆలస్యం కావద్దు. నడుద్దాం" అన్నారు వదిన. డాక్టర్ దిగుతూ పొమ్మన్నారు కాబట్టి నాకూ అభ్యంతరం లేదు. రెండున్నరకి బయల్దేరాం. చీకటి పడేలోగా సుర్కే చేరి అక్కడే పడుకున్నాం.

మర్నాడు అయిదింటికి నడక మొదలు. సరుకులు మోసే కంచరగాడిదలు వరసగా వస్తుంటే కొండ వైపుకి ఒదిగి నిలబడాలి. లోయ వైపు నిలబడితే మూట తగిలి పడిపోతాం. ఎక్కుడు, దిగుడు, మోకాలి లోతు బురద. మధ్యాహ్నం ఒంటి గంటకి జీపు దొరికింది. పదకొండు మందిమి ఎక్కాం. ఒక మేకపిల్ల కూడా.

ఆ రోడ్డు గురించి ఎలా చెప్పాలి? కొండ చరియని గీరి తీసిన మట్టి దారి. గోడ లేదు, రాళ్ళు లేవు. వానకి చీలిపోయిన చోట రెండు చక్రాలు పట్టేంతే ఉంది. ఒక మలుపులో ఎదురుగా లారీ వస్తే మా డ్రైవర్ జీపుని వెనక్కి నడిపాడు. నేను కిటికీ పక్కన ఉన్నాను. కిందికి చూస్తే చక్రం కింద నేల కనబడలేదు, నది కనబడింది. ఇంకోచోట చరియ విరిగిపడితే జేసీబీ వచ్చి తీసేవరకు గంటన్నర ఆగాం. కొండ మీద రాత్రి నడిచినప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు. అక్కడ నా కాళ్ళు నా చేతిలో ఉన్నాయి. ఇక్కడ అన్నీ ఇంకొకరి చేతిలో ఉన్నాయి.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పదమూడో ఎక్కం చెప్పు" అన్నారు. చెప్పాను. ఏడు దగ్గర తప్పాను.

సల్లేరి చేరేసరికి రాత్రి ఎనిమిది. ఊరంతా దీపాలు. లక్ష్మీపూజ. మన దీపావళి రోజే. గడపల ముందు ముగ్గులు, వీధిలోంచి లోపలికి లక్ష్మీదేవి పాదాలు, బంతిపూల తోరణాలు. ఆడపిల్లలు గుంపులుగా ఇల్లిల్లూ తిరుగుతూ భైలో పాటలు పాడుతున్నారు. లాడ్జి ఆవిడ మా చేతికీ రెండు ప్రమిదలు ఇచ్చింది. వీడియో కాల్‌లో పిల్లలకి చూపించాం. అత్తమ్మ ఫోన్ తీసుకుని వదినని చూసి, "ఏందమ్మా, అట్ల చిక్కిపోయినవ్?" అన్నారు. కూతురు తూలిన సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి ఇంకో జీపు. సల్లేరి నుంచి ఓఖల్‌ఢుంగా, సున్‌కోశీ నది, ఆ తర్వాత బీపీ హైవే మలుపులు. పన్నెండు గంటలు పట్టింది. కాట్మండూలో స్నానం చేయడానికి గంట దొరికింది. దాయి విమానాశ్రయం దాకా వచ్చాడు. మర్నాడు భాయి టీకా. మన భగినీ హస్త భోజనం లాంటిదే, అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ళు టీకా పెట్టి భోజనం పెట్టే రోజు. అతని అక్కచెల్లెళ్ళు కాట్మండూలోనే ఉన్నారు. విమానాశ్రయం గేటు ముందు వదిన పర్సులోంచి కుంకుమ పొట్లం తీసి, ఒకరోజు ముందుగానే అతనికి బొట్టు పెట్టారు. ఇద్దరూ ఏం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో ఉన్నాను. మా ఆయన ఆ తర్వాతి రోజు డ్యూటీకి వెళ్ళాడు. మూడు వారాలు నా కాలి బొటనవేళ్ళ గోళ్ళు నల్లగా ఉండి, తర్వాత ఊడిపోయాయి.

మీరు వెళ్తుంటే

ఖాళీ రోజులు రెండైనా పెట్టుకోండి, వీలైతే మూడు. టికెట్ ధర చూసి అవి తగ్గించకండి. మాకు ఆ రెండు రోజులే లేకపోతే రోడ్డు దారి ఎంచుకునే వీలే ఉండేది కాదు.

ఇన్సూరెన్స్ కాగితంలో ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదవండి. 6,000 మీటర్ల వరకు, హెలికాప్టర్ ఖర్చుతో సహా ఉండాలి. మామూలు ప్రయాణ పాలసీల్లో చాలావాటికి అది ఉండదు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసెటజోలమైడ్ గురించి ముందే మీ డాక్టర్‌ని అడగండి. అది మూత్రంలో బైకార్బొనేట్‌ని బయటికి పంపి, రక్తాన్ని కొంచెం ఆమ్లంగా మార్చి, మన చేత ఎక్కువ శ్వాస తీయిస్తుంది. దానివల్ల రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి. బకెట్‌లో నీళ్ళు గడ్డకట్టే చోట అది చిన్న విషయం కాదు. ఆడవాళ్ళు వాడే గరాటు, వెడల్పు మూతి సీసా పట్టుకెళ్ళండి. సిగ్గుపడకండి. నెలసరి తేదీ దూరంగా ఉన్నా సామాను వెంట ఉంచుకోండి. అలసటకీ ఎత్తుకీ తేదీలు మారొచ్చు. వాడినవి మూటకట్టి కిందికి తెచ్చేయాలి.

నగదు కొంచెం ఎక్కువే తీసుకెళ్ళండి. జీపువాళ్ళు కార్డు తీసుకోరు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. మెదడుకి వాపు వచ్చిన మనిషికి తనకి వాపు వచ్చిందని తెలియదు. తనకేం కాలేదని గట్టిగా చెబుతుంది. ఆ మనిషి మీ ఆడపడుచు కావచ్చు, అత్తగారు కావచ్చు, మీ ఆయన కావచ్చు. అప్పుడు ఎవరి మాట చెల్లాలో అక్కడ, ఆ చలిలో తేల్చుకోవడం కష్టం. ఈమధ్య వదిన కిలిమంజారో అంటున్నారు. ఈసారి బయల్దేరే ముందే ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఫ్రిజ్ మీద, పూర్ణ ఫోటో పక్కన అంటించారు. 'పైన నేను తూలితే నా మాట వినొద్దు. మా మరదలు చెప్పిందే చెయ్యాలి.'

మీరూ ఎవరితో వెళ్తున్నారో వాళ్ళతో ఆ మాట ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరండి.